ముప్ఫైకి తగ్గితేనే మర్యాద

చెట్టుగా పుట్టాక గౌరవంగా బతకాలంటే దగ్గరి దారి ఒక్కటే. దాదాపు అంతరించిపోవాలి. నమ్మకపోతే ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్లి, మడోనియే కొండల్లో ఉండే సిసిలీ ఫర్ అనే సూదుల్లాంటి ఆకుల చెట్టును చూడండి.

అది కొండ నిండా ఉన్న రోజుల్లో జనం పట్టించుకోలేదనడం అన్యాయం. గొడ్డలి పట్టుకుని మరీ పట్టించుకున్నారు. మంచి కలప కాబట్టి ఆ చుట్టుపక్కల కట్టడాలకు దూలాలైంది. 1900 ప్రాంతంలో ఇక లేదని లెక్క తేల్చేశారు. తీరా 1957లో కొన్ని చెట్లు బతికే ఉన్నట్టు బయటపడింది. అంతే, దశ తిరిగింది! ఇప్పుడు ఎదిగిన చెట్లు 30. ఒక్కోదానికీ ఒక నంబరు. చాలావాటికి కంచె. యూరోపియన్ యూనియన్ నిధులు సరేసరి. దీని చుట్టాలైన నార్డ్‌మన్ ఫర్‌లను మాత్రం ఏటా క్రిస్మస్‌కు లక్షలకొద్దీ కొట్టి అమ్ముతారు. పాపం, వాటికి దక్కేది ధర చీటీ ఒక్కటే.

అయితే వీఐపీ హోదా వచ్చినంత మాత్రాన సంసారం చక్కబడదు. ఉన్న ముప్ఫై కూడా ఎడమెడంగా ఉన్నాయి. గాలికి కొట్టుకొచ్చే పుప్పొడి పక్క చెట్టుదాకా చేరడం అరుదు. దాంతో చాలాసార్లు తన పుప్పొడి తన పూతకే అంటుతుంది. మేనరికమే వద్దని డాక్టర్లు మొత్తుకుంటుంటే, ఇక్కడ వధువూ వరుడూ ఒకే చెట్టు! గింజల్లో చాలావరకు తాలే. చివరికి శాస్త్రవేత్తలే పెళ్లిళ్ల పేరయ్యలై, ఒక చెట్టు పుప్పొడి తీసుకెళ్లి ఇంకో చెట్టుకు చేతులతో అద్దుతున్నారు. ఇన్ని తంటాలు పడి మొలిపించిన మొక్కను జింకో అడవిపందో వచ్చి ఆరగించిపోతుంది. ఇది అరుదైన జాతి అని దానికి ఎవరు చెప్పాలి?

అసలు వినోదం ఇంకోటుంది. వెనకటికి అడవి పెంచుదామని పెద్దమనసుతో వేరే ప్రాంతాల ఫర్ మొక్కలు తెచ్చి ఆ దగ్గర్లోనే నాటారు. అవి ఏపుగా పెరిగి, ఈ ముప్ఫైతో వియ్యానికి సిద్ధమయ్యాయి. అలా వదిలేస్తే అసలు జాతి సంకరమై కూర్చుంటుంది. కనుక వాటిని తీసేయాలన్నారు. నాటినప్పుడు పచ్చదనం పద్దు, నరికినప్పుడు చెట్ల రక్షణ పద్దు. ఆడిటరు కూడా వంక పెట్టలేడు.