మీరు ఫార్వర్డ్ చేసేది సాక్ష్యం కాదన్నా

తిరుపతి వాట్సాప్ గ్రూపులన్నిట్లో యుద్ధంలో చంపిన వీడియోలతో పాటు ఒకటే మెసేజ్ తిరుగుతా ఉంది. “యుద్ధ నేరాలను హేగ్ కోర్టు తప్ప ఏ దేశం కోర్టుకూ విచారించే అధికారం లేదు. పైవాడు చెప్తే కాల్చిన సిపాయికి శిక్ష పడదు. ఏళ్లు గడిస్తే కేసే ఉండదు. అంతా రాజకీయమే. కాబట్టి ఈ వీడియోలు అందరికీ పంపండి, ప్రతి షేరూ ఒక సాక్ష్యం.”

హేగ్ మాట తలకిందులు. ఆయా దేశాల కోర్టులకు విచారించే మనసో శక్తో లేనప్పుడే హేగ్‌లోని ఐసీసీ, అంటే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, వంతు వస్తుంది. 2022 మేలో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఒక మామూలు జిల్లా కోర్టు 21 ఏళ్ల రష్యా సార్జెంటుకు యావజ్జీవం వేసింది. సైకిల్‌తో పోతూ ఫోన్ మాట్లాడుతున్న 62 ఏళ్ల నిరాయుధుణ్ణి కాల్చినందుకు. చెప్తేనే కాల్చానన్నాడు, కోర్టు ఒప్పుకోలేదు. అప్పీల్లో శిక్ష 15 ఏళ్లకు తగ్గింది గానీ నేరం నిలిచింది. సిపాయి పాయింటుకూ ఇదే జవాబు.

యుద్ధంలో గాయపడ్డవాళ్లనూ, ఖైదీలనూ, పౌరులనూ కాపాడే జెనీవా ఒప్పందాల కోసం మన దేశం 1960లో చేసిన చట్టం తెరిచి చూడండి. 4వ సెక్షన్ ప్రకారం నేరం విదేశంలో జరిగినా, నిందితుడు దొరికిన చోటే జరిగినట్టు లెక్క. చిత్తూరులో దొరికితే అక్కడి సెషన్స్ కోర్టే చాలు. కావాలని చంపినట్టు తేలితే ఉరి లేదా యావజ్జీవం.

ఏళ్లు గడిస్తే కేసు చెల్లదనే కాలదోషమా? మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు మన చట్టంలో అది లేనే లేదు.

ఇక ఆ చివరి వాక్యం. అది ఉత్త తప్పు కాదు, కేసును చంపే తప్పు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది. తీసిన చోటు, సమయం ఫైల్లోంచి పోతాయి, ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ మారుతుంది. తీసిందెవరని డిఫెన్సు లాయరు అడిగితే ఎవరు లేచి నిలబడతారు? ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెడతారు? నిందితుడి మొహం ఊరంతా చూశాక నలుగురిలో నిలబెట్టి సాక్షితో గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్ ఎందుకు? సాక్షి ఆ రోజు కళ్లారా చూసింది చెప్తున్నాడా, ఫోన్లో చూసింది చెప్తున్నాడా అన్నది ఇంక తేలదు. తన బిడ్డ శవం పదిసార్లు ఫోన్లోకి వచ్చి పడే తల్లి గురించి ఒక్క నిమిషం ఆలోచించండి.

నిజంగా సాయం చేయాలంటే వీడియో తీసిన ఫోను అట్లే ఉంచాలి. ఫైలును కత్తిరించకుండా కేబుల్‌తో కాపీ చేసి, అప్పటికప్పుడే హాష్ రాసుకోవాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ రోజు, ఎన్ని గంటలకు పోయిందో కాగితం మీద ఉండాలి. సాక్షి వాంగ్మూలం తెలిసినవాళ్లు ఒక్కసారే తీసుకోవాలి. ప్రతి చానలూ, ప్రతి సంఘమూ అడిగితే మాటకు మాటకూ చిన్న తేడాలొస్తాయి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాటినే పట్టుకుంటారు. పైగా శవం వీడియో చంపిన సంగతి చెప్తుంది, చంపించిందెవరో చెప్పదు. దానికి డ్యూటీ రిజిస్టర్లు, వైర్‌లెస్ సంభాషణలు, ఆర్డరు కాగితాలు కావాలి. వాటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

“అంతా రాజకీయమే” అన్నదాంట్లో మాత్రం సగం నిజముంది, ఒప్పుకుంటాను. అదే 1960 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. 1971 యుద్ధం తర్వాత విచారించాలని వేరుచేసి పెట్టిన 195 మంది పాకిస్తాన్ సైనికులను 1974 ఢిల్లీ ఒప్పందంతో వెనక్కి పంపేశారు. వాళ్ల మీద విచారణ జరగనే లేదు.