నొక్కినా ఆగని ఎర్ర బటన్

విశాఖ నగరంలో ఒక ఇంటి వెనుక రేకుల షెడ్డులో మా ప్రతినిధి చూసిన కోత యంత్రానికి ముందు వైపు అత్యవసర స్టాప్ బటన్ ఉంది. ఎర్రటి గొడుగు ఆకారం, చుట్టూ పసుపు పట్టీ, అన్నీ నిబంధన ప్రకారమే. నొక్కితే మాత్రం రంపం తిరుగుతూనే ఉంది. మూత విప్పి చూస్తే బటన్‌కు తీగే కలపలేదు. కొన్ననాటి నుంచీ అంతేనట! ప్లగ్గు కూడా లేదు. రెండు తీగలను అగ్గిపుల్లలతో సాకెట్‌లో బిగించి, ఆకుపచ్చ ఎర్త్ తీగను వెనక్కి మడిచి టేపు చుట్టారు.

కంచరపాలెం నుంచి గాజువాక దాకా ఇళ్లలోనే వడ్రంగం చేసుకునే వారికి ఇది వింతేమీ కాదు. మమ్మల్ని కలవరపెడుతున్నది భద్రత లేకపోవడం కంటే, ఉన్నట్టు నటించడం. బటన్ లేదని తెలిసినవాడు చేయి జాగ్రత్తగా పెడతాడు. ఉందని నమ్మినవాడు ఆపదలో దానికోసమే చేయి చాస్తాడు.

నిజానికి ఇందులో పెద్ద విద్యేమీ లేదు. స్టాప్ బటన్‌లో మామూలుగా కలిసే ఉండి, నొక్కితే విడిపోయే కాంటాక్టును కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే అయస్కాంత స్విచ్చు) కాయిల్‌కు వరుసలో కలపాలి. అప్పుడు తీగ తెగినా, ఊడినా యంత్రమే ఆగిపోతుంది. దీన్ని తలకిందులు చేసి, నొక్కితేనే కలిసే కాంటాక్టు వాడితే తీగ ఎప్పుడు ఊడిందో ఎవరికీ తెలియదు, చేయి బ్లేడు కిందకు వెళ్లే దాకా. నొక్కిన బటన్ లోపలే నిలిచిపోవాలి. తిప్పి వదిలినంత మాత్రాన యంత్రం కదలకూడదు, మళ్లీ స్టార్ట్ నొక్కాల్సిందే. కరెంటు పోయి వచ్చినప్పుడూ అంతే. 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి కరెంటు కోతల గురించి చెప్పాలా? మామూలు స్విచ్చుతో నడిచే రంపం కరెంటు రాగానే తిరుగుతుంది. ఇరుక్కున్న చెక్కను లాగుతున్న వేళ్లు అక్కడే ఉంటాయి.

ఎర్తింగుదీ ఇదే నాటకం. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ నుంచి చిన్న ముక్క తీగ వేసి ఎర్త్ అనిపిస్తారు. టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది, యజమాని తృప్తి పడతాడు. న్యూట్రల్ తెగిన రోజు 230 వోల్టులు యంత్రం ఒంట్లోకి వస్తాయి. ఎర్త్ గొయ్యి తవ్వించిన చోట కూడా సముద్రపు ఉప్పుగాలికి క్లాంపులు తుప్పు పట్టి ఊడిపోతాయి. ఎన్నడైనా ఎవరైనా కొలిచారా? కరెంటు లీకైతే సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టుకోవడం మంచిదే, అయితే అది ఎర్త్‌కు తోడే గాని బదులు కాదు.

1948 నాటి కర్మాగారాల చట్టం విద్యుత్తు వాడే చోట సాధారణంగా పదిమంది ఉంటేనే వర్తించేది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ గీతను ఇరవైకి జరిపింది. తండ్రీకొడుకులు పనిచేసే షెడ్డు ఏ లెక్కలోకీ రాదు. ఎల్జీ పాలిమర్స్ దుర్ఘటన తర్వాత భద్రత మీద గంటల కొద్దీ మాట్లాడిన ఈ నగరంలో, ఇంట్లో తెగిన వేలు వార్త కూడా కాదు.

చిన్న వడ్రంగుల నెత్తిన తనిఖీల భారం మోపవద్దంటారు కొందరు, నిజమే, మోపవద్దు. ముందు అమ్మేవాడిని అడగండి. మంచి కార్బైడ్ బ్లేడు కొనగలిగినవాడికి కాంటాక్టరు, బటన్ మోయలేని ఖర్చేమీ కాదు. తీగ లేని బటన్‌ను బిగించి అమ్మడం పొదుపు కాదు, మోసం. దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు ఆర్‌సీసీబీ డబ్బాలూ ఖాళీగానే వస్తాయి, ఎర్త్ రాడ్లూ గోడకు ఆనించే ఉంటాయి.

విద్యుత్ అధికారులు మీటరు రీడింగుకు చూపే శ్రద్ధలో సగమైనా మీటరు వెనుక వైరింగు మీద చూపాలి. దుకాణదారులు కొనేవాడి కళ్లముందే యంత్రాన్ని నడిపి, బటన్ నొక్కి చూపించాలి. అంత నిజాయితీ చేతకాకపోతే ఆ ఎర్ర బటన్‌ను పీకేసి అమ్మండి; తాను కొంటున్నదేమిటో కొనేవాడికి కనీసం తెలుస్తుంది.