గుండిగలో వెండి

బరంపురంలోని తెలుగు ఇళ్లకు పండుగలు రెండు వైపుల నుంచీ వస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం మద్రాసు నుంచి విడిపోయి అందులో కలిసింది; ఇచ్ఛాపురం, సోంపేట మాత్రం ఇవతల ఉండిపోయాయి. గీత గీసిన పెద్దలు ఊళ్లను పంచారు గానీ పండుగలను పంచడం మరిచిపోయారు. అందువల్ల మా మావయ్యగారింట్లో ఉగాదికి వేపపువ్వు పచ్చడీ ఉంటుంది, జూన్ నడుమ వచ్చే రొజో పండుగకు పెరటి మామిడిచెట్టుకు ఉయ్యాలా ఉంటుంది. మిథున సంక్రాంతిని మధ్యలో పెట్టుకొని మూడు రోజులు జరిగే ఈ పండుగలో భూదేవికి విశ్రాంతి ఇవ్వాలని రైతులు నాగలి పట్టరు. ఆడవాళ్లు కూరలు తరగరు, పిండి రుబ్బరు, పొయ్యి జోలికి పోరు. ముందుగానే కాల్చి పెట్టుకున్న పొడపిఠా అనే పిండివంట తింటూ, తాంబూలం నములుతూ ఉయ్యాల ఊగుతారు. మేము మౌసి అని పిలిచే పక్కింటి ఒడియా ఆవిడను చూసి ఈ పండుగలోని ధర్మసూక్ష్మాన్ని మా అత్తయ్య కాపురానికి వచ్చిన ఏడే గ్రహించింది. పుట్టింట లేని ఈ పండుగను పాటించినంత నిష్ఠగా ఆమె ఉన్న పండుగల్లో దేన్నీ పాటించదని మావయ్య అంటూ ఉంటారు.

అన్నేళ్లుగా ఆ మూడు రోజులూ హోటలు క్యారియరుతో గడిచిపోతూ వచ్చాయి. మావయ్య పదవీ విరమణ చేసిన తర్వాత వచ్చిన రొజోకు మాత్రం, "ఈసారి క్యారియరు అవసరం లేదు, వంటిల్లు నాకు అప్పగించు" అని ఆయన ప్రకటించారు. అత్తయ్య ఎందుకైనా మంచిదని క్యారియరు తోమించి, అందుబాటులో ఉండేట్టు గూట్లో పెట్టి ఉంచింది.

మావయ్య ధీమాకు ఆధారం ఒక పొడుగాటి చిట్టా పుస్తకం. జీవితమంతా ఒక కార్యాలయంలో పెద్ద గుమాస్తాగా ఉండి దస్త్రాలు నడిపిన మనిషి కనుక, ఆదివారం అనుబంధాలలో వచ్చే వంటింటి చిట్కాలను కత్తిరించి, అందులో అంటించి, ఒక్కొక్క దానికీ క్రమసంఖ్య, తేదీ వేసి, చివర పాత్రలు, దినుసులు, నిల్వ, ఆరోగ్యం, ఇతరములు అనే శీర్షికలతో విషయసూచిక కూడా తయారు చేసుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ పుస్తకంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఉల్లిపాయలనూ బంగాళాదుంపలనూ ఒకే బుట్టలో పోస్తే రెండూ తొందరగా పాడవుతాయన్నది నిజమే. దుంపలను ఫ్రిజ్‌లో పెడితే వాటిలోని పిండిపదార్థం చక్కెరగా మారి వేపుడు తియ్యగా, నల్లగా తేలుతుందన్నదీ నిజమే. బొంబాయి రవ్వను దోరగా వేయించి చల్లార్చి డబ్బాలో పోస్తే పురుగు పట్టదు; ఆవకాయ ముక్క నూనెలో మునిగి ఉన్నంతకాలం బూజు దరిచేరదు, తడి గరిటె పెడితే మాత్రం జాడీ మొత్తం పాడవుతుంది. ఇవన్నీ అత్తయ్యకు పుస్తకం లేకుండానే తెలుసు. తేడా ఎక్కడంటే, ఏ చిట్కా ఏ పాత్రకు, ఏ కాలానికి చెల్లుతుందో కూడా ఆమెకు తెలుసు. కత్తిరింపు కాగితం మీద ఆ భాగం తరచుగా కత్తెర అవతల ఉండిపోతుంది.

మొదటి రోజు సంగతి టూకీగా చెబుతాను, ఎందుకంటే అది నేలా గోడలూ కడిగితే పోయిన నష్టం. ఇడ్లీ పిండి బాగా పొంగాలంటే గిన్నెను దుప్పటిలో చుట్టి వెచ్చని చోట ఉంచాలన్న చిట్కాను ఆయన పాటించారు. ఆ కత్తిరింపు మీద ఉన్న తేదీ డిసెంబరు నాటిది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం హాయిగా సరిపోతుంది. బరంపురంలో జూన్ నెల రాత్రి ఆ మాత్రం వేడిని అడగకుండానే ఇస్తుంది. డిసెంబరు ఉత్తరువును జూన్‌లో అమలు చేయడం, అందులోనూ సగానికి మించి నింపకూడని గిన్నెను అంచుదాకా నింపడం వల్ల, తెల్లవారేసరికి పిండి మూతను పక్కకు నెట్టి, దుప్పటిని తడిపి, అలమర కింది అరలోని చెప్పుల దాకా ప్రయాణం చేసింది. మిగిలిన పిండితో వేసిన ఇడ్లీలను కూడా పులుపు భరించగలిగిన వారే తిన్నారు. "కార్యక్రమం విజయవంతమైంది, పరిమాణమే కొంత ఎక్కువైంది" అని మావయ్య ఆ పేజీ అంచున రాసుకున్నారు.

అసలు కథ సంక్రాంతి నాటిది. ఆ రోజు సోంపేట నుంచి అత్తయ్య తమ్ముడి కుటుంబం, పక్కింటి మౌసి కుటుంబం కలిసి మధ్యాహ్నం భోజనానికి రావాలి. మావయ్య దప్పళం తలపెట్టారు. అంతమందికి దప్పళం కాచడానికి తగిన పాత్ర ఇంట్లో ఒక్కటే ఉంది: అత్తయ్య పుట్టింటి వాళ్లు సారెలో పెట్టిన ఇత్తడి గుండిగ. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేయించినది. ఆ ఊరి కంచరుల పనితనం ఎరిగినవారికి ఆ గుండిగ అంచు చూస్తేనే చేతులు జోడించాలనిపిస్తుంది. పాపం మావయ్యకు దాన్ని తోమాలనిపించింది.

చింతపండు, ఉప్పు కలిపి రుద్దితే ఇత్తడి తళతళలాడుతుందన్న చిట్కా పుస్తకంలో ఉంది. సంక్రాంతి ముందు రోజు సాయంత్రం దాని ప్రకారం బయటివైపు రుద్దగా, గుండిగ నిజంగానే కళ్లు చెదిరేలా మెరిసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసానికి పని ఉండేది కాదు. లోపలికి తొంగి చూస్తే ఇత్తడి రంగు జాడే లేదు. అంతా బూడిద కలిసిన తెలుపు. "మీ అత్తయ్య ఇన్నేళ్లుగా లోపలి వైపు తోమనే లేదురా" అని నాతో గుసగుసగా, కొంత సంతోషంగా చెప్పి, చింతపండుకు లొంగని ఆ తెలుపు మీద ఇటుక పొడి ప్రయోగించారు. అది కూడా చాలకపోతే స్టీలు పీచు, ఆ తర్వాత ఎప్పుడో కిటికీలకు రంగు వేయించినప్పుడు మిగిలిన గరుకు కాగితం వరుసగా రంగంలోకి దిగాయి. చీకటి పడే వేళకు గుండిగ గోడలు లోపల కూడా పసుపుపచ్చగా తేలాయి. చేయి సరిగ్గా అందని అడుగున మాత్రం తెలుపు మిగిలిపోయింది.

మర్నాడు ఉదయం ఆయన గుమ్మడి, వంకాయ, మునగకాడ, చిలగడదుంప, బెండకాయ ముక్కలు వేరువేరు పళ్లేలలో అమర్చి, చింతపండు పులుసు పిండి, బెల్లం తరిగి, ఆపైన పుస్తకం తెరిచారు. పాత్రలు అనే శీర్షిక కింద, కడిగిన పాత్రను తడి లేకుండా పొయ్యి మీద ఆరబెట్టాలని ఉంది. ఆ చిట్కా ఇనుప మూకుడుకు ఉద్దేశించినది. తుప్పు పట్టకుండా ఉండటానికి మూకుడును అలా ఆరబెట్టి, కాస్త నూనె రాసి పెడతారు. కత్తిరింపులో మూకుడు బొమ్మ సగం తెగిపోయి ఉండటం వల్ల, మావయ్య దాన్ని సమస్త పాత్రలకూ వర్తించే సాధారణ ఉత్తరువుగా భావించి, ఖాళీ గుండిగను పెద్ద పొయ్యి మీద పెట్టి మంట పూర్తిగా హెచ్చించారు. అంతలో ఇచ్ఛాపురం దాటామని బావమరిది ఫోను చేశాడు. రైలు ఎంత ఆలస్యం, ఏ పెట్టె, స్టేషను నుంచి ఆటోకు ఎంత ఇవ్వాలి అన్న విషయాలు మాట్లాడి ఆయన తిరిగి వచ్చేసరికి గుండిగ అడుగున అద్భుతం జరుగుతోంది. తెల్లని, మెరిసే బొట్లు, కొన్ని ఆవగింజంత, కొన్ని కందిగింజంత, అటూ ఇటూ దొర్లుతున్నాయి.

మావయ్య మంట ఆర్పి చాలాసేపు చూశారు. బొట్లు గట్టిపడ్డాయి. వాటిని చాకు మొనతో పెకలించి, అగ్గిపుల్లలు పారబోసి ఆ పెట్టెలో వేసుకుని, ఎన్నడూ లేనంత గంభీరంగా పెరట్లోకి నడిచారు. నేను వెనుకే వెళ్లాను. అత్తయ్య ఉయ్యాల మీద ఉంది, పక్కన పీట మీద మౌసి కూర్చుని తాంబూలం చుడుతోంది.

"ఇదిగో, గుండిగకు లోపల వెండి పోయించారని మీ నాన్నగారు నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అని మావయ్య అడిగారు.

ఉయ్యాల చెట్టు దాకా వెళ్లి వచ్చింది. "వెండేమిటండీ?"

ఉయ్యాల మళ్లీ వెళ్లింది. అది వచ్చేలోగా మావయ్య అగ్గిపెట్టె తెరిచి పట్టుకున్నారు.

"అయ్యో, కళాయండీ అది!" అన్న మాట ఒక్కటే మాకు వినిపించింది. మిగతా వాక్యాన్ని ఉయ్యాల అవతలికి తీసుకుపోయింది. అది వినిపించకపోవడమే మావయ్యకు మేలు చేసిందని నా అభిప్రాయం.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. అందులో చింతపండు పులుసు కాగినా, మజ్జిగ నిలవ ఉన్నా పులుపు రాగిని కరిగిస్తుంది. వంట చిలుమెక్కుతుంది, తిన్నవారికి కడుపులో తిప్పుతుంది. అందుకే లోపల తగరంతో పలుచటి పూత వేయిస్తారు. అదే కళాయి. తగరం మెత్తని లోహం కాబట్టి ఇటుక పొడికే అరిగిపోతుంది, 232 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టకూడదు, లోపల గరుకైన దేనితోనూ రుద్దకూడదు. మావయ్య మొదటి రోజు గోడల కళాయిని, రెండో రోజు అడుగు కళాయిని విడివిడిగా, సంపూర్ణంగా తొలగించారు.

ఈ సంగతులన్నీ అత్తయ్య, మౌసి చెరొక వాక్యం చొప్పున ఆయనకు విడమరచి చెప్పారు. అంతే తప్ప ఇద్దరిలో ఒక్కరూ వంటింటి గడప తొక్కలేదు. "పండుగ కదండీ, ఇవాళ మేము పొయ్యి ముట్టుకోకూడదు" అని అత్తయ్య అన్నప్పుడు ఆమె ముఖంలో కనబడినంత భక్తిని నేను తిరునాళ్లలో కూడా చూడలేదు.

అతిథులు ఆటో దిగే వేళ దగ్గరపడింది. పిండిన పులుసు, తరిగిన ముక్కలు ఎదురుచూస్తున్నాయి. స్టీలు గిన్నెలు రెండింటిలో సర్దుకోవచ్చునని నేను అన్నాను గానీ, మావయ్య అప్పటికే ఆరోగ్యం శీర్షిక తెరిచారు: ఇనుప పాత్రలో పుల్లని వంట చేస్తే ఆహారంలోకి ఇనుము చేరి రక్తహీనతకు మంచిది. ఇది కూడా అక్షరాలా నిజం. అటక మీది పెద్ద ఇనుప మూకుడు దిగింది, దప్పళం అందులోకి ఎక్కింది. పులుపుకు ఇనుము కరిగింది. ఆ ఇనుము వంకాయ వగరుతో కలిసింది. ఏళ్ల తరబడి మూకుడుకు పట్టిన నూనె పొర లేచి అందులో కలిసింది. పావుగంటలో దప్పళం కాటుక రంగుకు తిరిగింది. గుమ్మడి ముక్క ఏదో, చిలగడదుంప ఏదో గరిటెతో తట్టి చూసి గుర్తుపట్టవలసి వచ్చింది. బియ్యప్పిండి కలిపితే రంగు విరుగుతుందేమోనని ఆయన కలిపారు. అది చిక్కబడింది, రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

భోజనాల దగ్గర జరిగినది మాత్రం సరిహద్దు జిల్లాలోనే జరగగలదు. సోంపేట వారు ఆ నల్లని పదార్థాన్ని వడ్డించగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇది రొజో పండుగకు ఒడియా వాళ్లు చేసుకునే ప్రత్యేక వంటకమై ఉంటుందని నిశ్చయించుకుని, పండుగను అగౌరవపరచకూడదని మారు వడ్డించుకున్నారు. మౌసి భర్తా పిల్లలూ ఇది తెలుగువాళ్ల శ్రీకాకుళం వంటకమై ఉంటుందని, చుట్టాల ముందు వదిలేస్తే బాగుండదని పళ్లేలు నాకారు. "మా దగ్గర పులుసు ఇంత నల్లగా రాదు బావగారూ, ఇక్కడి వాళ్ల చేయి వేరు" అని బావమరిది అంటే, "తెలుగు వంటలో ఆ ఇనుపగుణం మాకు రాదు" అని మౌసి భర్త తల ఊపాడు. నాలుక మీద ఇనుప రుచి సాయంత్రం దాకా నిలిచింది. మావయ్య ఉభయపక్షాల ప్రశంసలనూ ఖండించకుండా స్వీకరించారు. అసలు సంగతి తెలిసిన మౌసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఉయ్యాల తాడు కిర్రుమనే శబ్దం, దానితోపాటు ఇద్దరు ఆడవాళ్ల నవ్వు చాలాసేపు వినిపించాయి.

పండుగ వెళ్లాక కళాయి వేసేవాడి కోసం వెతుకులాట మొదలైంది. ఒకప్పుడు కేకలు వేసుకుంటూ వీధుల్లోకి వచ్చే ఆ మనుషులు ఇప్పుడు కనబడటం లేదు. స్టీలు వచ్చాక వారికి పని తగ్గింది. చివరికి ఇత్తడి సామాను కొట్టువాళ్ల ద్వారా ఒక ముసలాయన దొరికాడు. పెరట్లో చిన్న గుంట తీసి, బొగ్గులు పేర్చి, తిత్తితో ఊది, గుండిగను నిప్పుల మీద తిప్పుతూ, నవాసారం చల్లి, తగరపు కడ్డీ రాసి, దూదితో లోపలంతా ఒక్క చుట్టు తుడిచాడు. తెల్లని పొగ లేచింది, పొగ వెనుక పాత గుండిగ మళ్లీ తెల్లగా తేలింది. మావయ్య పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడి జాగ్రత్తలు అడిగి రాసుకున్నారు. కొబ్బరి పీచుతోనో మెత్తని గుడ్డతోనో తోమాలి. పూత పలచబడి అడుగున ఇత్తడి రంగు కనిపించగానే మళ్లీ కళాయి వేయించాలి.

కూలి దగ్గర ఆయనలోని పెద్ద గుమాస్తా మేల్కొన్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ఇందులో ఉన్నది ఈ గుండిగ తాలూకు తగరమే కాబట్టి దాని ఖరీదు కూలిలోంచి తగ్గించవలసిందని వాదించారు. ముసలాయన పెట్టె తెరిచి, బొట్లను అరచేతిలో వేసుకుని ఒక్కసారి ఎగరేసి చూసి, తన మూసలో పారేసుకున్నాడు. కూలిలో పైసా తగ్గించలేదు. అగ్గిపెట్టె మాత్రం తిరిగి ఇచ్చేశాడు.