పెట్టెలో పట్టిన యాంప్

ఆర్కెస్ట్రా గిటారిస్టుకి నడుం పట్టేసిందంటే నేరం గిటారుది కాదు, వెనక నిలబెట్టే యాంప్‌ది, అంటే గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ల డబ్బాది. ఫెండర్ ట్విన్ రివర్బ్‌నే తీసుకోండి. 85 వాట్లు, రెండు పన్నెండంగుళాల స్పీకర్లు, సుమారు 29 కిలోల బరువు, మోయడానికి నడినెత్తిన ఒకే ఒక్క పట్టీ. బియ్యం బస్తా అయితే భుజానికెత్తుకోవచ్చు. దీన్ని మాత్రం ఒక చేతికి వేలాడదీసుకుని, అడుగడుక్కీ మోకాలి చిప్పకి కొట్టించుకుంటూ ఫంక్షన్ హాలు వెనక మెట్లెక్కాల్సిందే.

మోకాలు నాలుగు రోజుల్లో మానుతుంది. యాంప్ మానదు. దాని ఛాసిస్, అంటే కరెంటు భాగాలు బిగించే లోహపు చట్రం, పైభాగాన ఉంటుంది, పాత రేడియోల్లో ఉండేలాంటి వాల్వులు దాన్నుంచి తలకిందులుగా వేలాడుతుంటాయి. పెద్దవి నాలుగు, చిన్నవి ఆరు, అన్నీ గాజువే. బండి గుంటలో పడ్డప్పుడల్లా సాకెట్ల పట్టు కాస్త కాస్త సడలుతుంది. అడుగున శబ్దానికి ప్రతిధ్వని తెచ్చే రివర్బ్ స్ప్రింగులుంటాయి. స్పీకర్ల నట్లు ఆ స్పీకర్ల బరువుకే వదులవుతుంటాయి. సొంత కారు వెనక సీట్లో వెళ్ళొచ్చే యాంప్‌కి మందపాటి మెత్తని గుడ్డ కవరు చాలు. ఇంతకి మించి ఖర్చు పెట్టడం దండగ. షామియానా గుంజలతో కలిసి టాటా ఏస్ ఎక్కే యాంప్‌కి మాత్రం రోడ్ కేసు, అంటే ప్రయాణంలో దెబ్బ తగలకుండా కాపాడే గట్టి పెట్టె, ఉండి తీరాలి.

బెజవాడ గవర్నర్‌పేటలో ఓ గిటారు కుర్రాడికి ఇవన్నీ తెలుసు. ఇంటర్నెట్‌లో చదివాడు. అమ్మేవాళ్ళు ప్రతి పెట్టె మీదా ‘ఏటీఏ’ అని రాసుకుంటారే, అదేమిటో కూడా తెలుసుకున్నాడు. అమెరికా విమాన రవాణా సంఘం పెట్టిన స్పెక్ 300 అది. అందులో మొదటి తరగతి పెట్టె కనీసం వంద సార్లు రానూపోనూ ప్రయాణం తట్టుకోవాలి. బాగానే ఉంది గానీ, లగేజీ ఒక్కోటి 32 కిలోలు దాటితే చాలా విమాన సంస్థలు తీసుకోవు. కేసుతో కలిపి యాభై కిలోలుండే యాంప్ గన్నవరంలో విమానమెక్కాలంటే కార్గోలోనే. అయినా మనవాడు వాయించేది గుంటూరు, తెనాలి, ఏలూరు పెళ్ళిళ్ళలో. తయారు కేసు ధర చూసి కంప్యూటరు మూసేసి బావని సలహా అడిగాడు. బావ డ్రమ్స్ వాయిస్తాడు కాబట్టి అన్ని విషయాల్లోనూ ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి.

“ఆటోనగర్ పక్కనే పెట్టుకుని ఇంటర్నెట్టేంట్రా? లారీ బాడీలే కడుతున్నారు, నీ డబ్బా ఎంత?”

లారీ బాడీలు కట్టే మేస్త్రీ టేపు లాగి యాంప్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి 67 సెంటీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు, 27 లోతు అని రాసుకున్నాడు. తిప్పలన్నీ ఇక్కడే మొదలయ్యాయి. కొలవాల్సింది చెక్క డబ్బాని కాదు, దాన్నుంచి పొడుచుకొచ్చిన ప్రతిదాన్నీ కలుపుకుని. పైన పట్టీ, ముందు నాబ్‌లు, మూలల తొడుగులు, పక్కలకుండే వాలు కాళ్ళు, కింద పాదాలు, వెనక చుట్టిపెట్టిన కరెంటు వైరు. పట్టీ ఒక్కటే రెండు మూడు సెంటీమీటర్లు తింటుంది. మేస్త్రీ దాన్ని వేలితో నొక్కి చూసి, “ఇది తోలేగా, అణుగుద్దిలే” అన్నాడు.

“చెక్క 9 ఎం.ఎం. వేయండి మేస్త్రీ గారూ.”

“తొమ్మిదా? దానికన్నా అట్టపెట్టె కొనుక్కో తమ్ముడూ. పద్దెనిమిది వేస్తా, నీ మనవళ్ళు కూడా వాడుకుంటారు.”

ఇక్కడ లెక్క చూడాలి. ఇలాంటి యాంప్‌కి చుట్టూ నాలుగు సెంటీమీటర్ల ఫోమ్ వేస్తే పెట్టె బయటి కొలతలు సుమారు 78, 64, 38 వస్తాయి. ఆరు పలకలూ కలిపి రెండు చదరపు మీటర్ల పైచిలుకు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు ఒక్కటి తెస్తే సరిపోయి ముక్క మిగులుతుంది. 9 ఎం.ఎం.లో ఆ చెక్క సుమారు 12 కిలోలు తూగుతుంది, 18లో 24. అసలు పెట్టె బలం చెక్క మందంలో కన్నా అంచుల్లో ఉంటుంది. పలకల అంచుల్ని కరిచిపట్టుకునే అల్యూమినియం యాంగిల్, మూలల్లో బాల్ కార్నర్లనే గుండ్రటి ఉక్కు తొడుగులు, వాటిని పట్టి ఉంచే రివెట్లు. అవి సరిగ్గా పడితే 9 ఎం.ఎం. పెట్టె మీద మనిషి ఎక్కి నిలబడొచ్చు. చెక్క స్క్రూలతో సరిపెడితే కుదుపులకి ప్లై పొరల్లోంచి ఊడొస్తాయి. మేస్త్రీ ఈ గొడవేం పెట్టుకోలేదు. ఇనప యాంగిల్‌తో ఫ్రేము వెల్డింగ్ చేసి, 18 ఎం.ఎం. ప్లై బిగించి, పైన నల్ల మైకా అంటించాడు. మైకా చూడ్డానికి బాగుంటుంది గానీ అంచు మీద దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది.

చక్రాల దగ్గర మాత్రం మేస్త్రీకి వంక పెట్టలేం. నాలుగంగుళాల రబ్బరు చక్రాలు, రెండింటికి బ్రేకు. స్క్రూలు కాదు, అడుగు పలకలోంచి ఇటు నుంచి అటు దూసుకెళ్ళే 8 ఎం.ఎం. బోల్టులు, వాషర్లు, వదులు కాని నైలాక్ నట్లు. చక్రం ఎంత బరువు మోయాలో తేల్చడానికి మొత్తం బరువుని నాలుగుతో కాకుండా మూడుతో భాగించాడు. “రోడ్డు మీద నాలుగో చక్రం ఎప్పుడూ గాల్లోనే ఉంటది” అన్నాడు. వచ్చిన అంకె మీద మళ్ళీ రెట్టింపు వేశాడు. లారీలు చూసిన మనిషి.

ఫోమ్ వంతు బావది. పరుపుల కొట్టు నుంచి స్పాంజి తెచ్చాడు. చేత్తో నొక్కితే మెత్తగా ఉంది, కొట్టతనూ అదే చెప్పాడు. పడుకోవడానికి మంచిదే. కానీ 29 కిలోలు నాలుగు చిన్న పాదాల మీద నిలబడ్డప్పుడు స్పాంజి అడుగంటా అణిగిపోతుంది, ఆ తర్వాత గుంటల దెబ్బ నేరుగా చెక్కకే. కావలసింది బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా దిగి, వదలగానే లేచే పాలిథీన్ ఫోమో ఈవీఏ ఫోమో. అడుగు ఫోమ్ మీద పల్చటి ప్లై ముక్క పరిస్తే పాదాల బరువు అంతటా సర్దుకుంటుంది. పక్కలకి పలకంతా అంటించకుండా పట్టీలుగా అతికించి, వాటికీ యాంప్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. స్పీకర్ల ముందున్న గుడ్డకి ఏదీ ఆనకూడదు. బావ ఆరు వైపులా సందు లేకుండా, ఒకచోట రెండు పొరలు కూడా అంటించాడు. “సేఫ్టీ” అన్నాడు.

అసలు కొంప మునిగింది మూత దగ్గర. బరువైన యాంప్‌కి మూత పైన ఉండే లోతు పెట్టె చేయించకూడదు. దిగేటప్పుడు దానంతటదే దిగుతుంది. తీయాలంటే 29 కిలోల్ని వంగి, చేతులు చాపి, అరమీటరు పైకి నిటారుగా లాగాలి. సరైనది తిరగేసిన పద్ధతి. చక్రాలున్న లోతు తక్కువ పళ్ళెం కింద, దాని మీద యాంప్, పైనుంచి దించే పెద్ద తొడుగు. అందులో ఎత్తేది తొడుగుని, యాంప్‌ని కాదు. మేస్త్రీ చేసింది మూడంగుళాల మూతతో నిండైన భోషాణం. పెయింటరు నాలుగు వైపులా తెల్లరంగుతో పైకి చూపించే బాణాలేసి ‘ఈ వైపు పైకి’ అని రాసి, ఊరుకోలేక వెనక ‘హారన్ ప్లీజ్’ కూడా రాశాడు.

యాంప్‌ని దించారు. లోపలున్న గాలి సుయ్యిమంటూ బయటికొచ్చింది. “చూశావా, ఫిట్టింగు!” అని మురిసిపోయారు. బావ మూత మీద కూర్చుంటే లాచ్‌లు పడ్డాయి. కాటాకెక్కిస్తే మొత్తం 70 కిలోలు దాటింది.

మర్నాడు గుంటూరులో రిసెప్షన్. టాటా ఏస్ పొద్దున మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపి వచ్చింది. తయారు కేసుల్లో మూత కలిసే చోట ఒక అంచుకి గాడి, ఇంకో అంచుకి నాలుక ఉండే అల్యూమినియం పట్టీ వేస్తారు, దుమ్ము దూరదు. ఇనప యాంగిల్‌కి ఆ ఏర్పాటు లేదు. హాల్లో మూత తెరవగానే మొదట తుమ్మింది గాయని, తర్వాత కీబోర్డు, తర్వాత వీడియో అతను.

లోపల కనిపించింది అణిగిపోయిన పట్టీ ఒక్కటే. పక్కల వేలు దూరే సందు లేదు. రెక్సిన్‌ని స్పాంజి పట్టుకుంది, అడుగుకి గాలి వెళ్ళే దారి లేక లాగినకొద్దీ వెనక్కి పీలుస్తోంది. ఇద్దరు కలిసి పట్టీ గుంజితే దాని చివర స్క్రూ కిర్రుమంది. పెళ్ళికొడుకు బాబాయి వచ్చి చూసి, “కొంచెం సబ్బునీళ్ళు పోయకపోయారా?” అన్నారు.

“అందులో కరెంటు సామానుందండీ బాబాయ్ గారూ.”

“అయితే కొబ్బరినూనె?”

గిటారుని డీఐ బాక్సులోంచి, అంటే యాంప్ అక్కర్లేకుండా కలిపే చిన్న డబ్బాలోంచి, నేరుగా మిక్సర్‌కి కలిపి కార్యక్రమం కానిచ్చేశారు. యాంప్ పెట్టెలోనే ఉండి పెళ్ళికొచ్చినట్టయింది. చివర్లో బాబాయి గారు ప్రత్యేకంగా వచ్చి, “ఈసారి మీ గిటారు ముక్కముక్కా వినపడిందయ్యా” అని మెచ్చుకున్నారు. కుర్రాడు నవ్వలేదు.

భోజనాలయ్యాక నలుగురు కలిసి పెట్టెని తివాచీ మీద మెల్లగా బోర్లించి పైకి లాగారు. ఆశ్చర్యం, పెట్టె లేచింది, యాంప్ నేలమీద తలకిందులుగా నిలబడింది. అది చూసిన మేస్త్రీకి, మర్నాడు ఫోటో చూసే లెండి, వెంటనే వెలిగింది. పెట్టెని తిరగేస్తే చాలు. మూత అడుగు పళ్ళెమవుతుంది, పెట్టె తొడుగవుతుంది. కబ్జాలు పీకి నాలుగు వైపులా లాచ్‌లు వేశాడు. చక్రాలు విప్పి, మూత పలకకి లోపలి నుంచి ఇంకో ప్లై ముక్క జోడించి, అదే బోల్టులతో దానికి బిగించాడు. పాత రంధ్రాలు పూడ్చాడు. స్పాంజి గీకేసి గట్టి ఫోమ్ పట్టీలు వేయించాడు, సందు వదిలి. పక్క హ్యాండిళ్ళు పెట్టెని తిరగేశాక కిందికి వచ్చేశాయి. ఈ యాంప్‌కి ట్రాన్స్‌ఫార్మర్లు పైన ఉంటాయి కాబట్టి కింద పట్టుకుని ఎత్తితే మొత్తం బోల్తా కొడుతుంది. వాటినీ విప్పి పైకి మార్చాడు. బరువు మాత్రం తగ్గలేదు, 18 ఎం.ఎం. మనవళ్ళ కోసం అలాగే ఉంది.

పెయింటరు ఆ వారం ఊళ్ళో లేడు.

తర్వాతి ప్రోగ్రాం తెనాలిలో. ఎక్కించిన కుర్రాళ్ళు చదువొచ్చినవాళ్ళు. ‘ఈ వైపు పైకి’ అన్న అక్షరాలు తలకిందులుగా కనిపించేసరికి ఎవరో పెట్టెని తప్పుగా నిలబెట్టారనుకుని, కష్టపడి 70 కిలోల్నీ తిరగేసి, తాడు కట్టి, చక్రాలు ఆకాశానికి పెట్టి తీసుకెళ్ళారు. స్టేజీ పక్కన బాణం ప్రకారమే దించి, “జాగ్రత్తగా తెచ్చామన్నా, బ్రేకులు కూడా వేశాం” అని టీ డబ్బులడిగారు.