సవరణ: టాంగో ఒక్క బ్యూనస్ ఎయిర్స్‌ది కాదు

టాంగో (జంటగా ఆడే నాట్యం, దాని సంగీతం) అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వేశ్యావాటికల్లో పుట్టిందని మొన్నటి పోస్టులో ఉంది కదా, ఆ వాక్యం తీసేశాను. రియో దె లా ప్లాతా అనే విశాలమైన నదీముఖానికి ఒక ఒడ్డున బ్యూనస్ ఎయిర్స్, రెండో ఒడ్డున ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో. 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికన్ సంతతివాళ్ల డప్పుల సంగీతం కాందోంబె, క్యూబా నాట్యం హబనేరా లయ, యూరప్ వలస కూలీలతో వచ్చిన పోల్కా నాట్యాలు రెండు ఊళ్లలోనూ కలిసిపోయాయి కాబట్టి ఫలానా వీధిలోనే పుట్టిందని ఎవరు చెప్పినా నమ్మకండి. 2009లో టాంగో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది, దాన్ని రెండు దేశాలూ కలిసే పంపాయి. బాగా పేరున్న టాంగో పాట 'లా కుంపర్సీతా'కు బాణీ కట్టింది మాంటెవిడియో కుర్రాడు (అర్జెంటీనావాళ్ల దగ్గర ఈ మాట ఎత్తితే గొడవే!).

వేశ్యావాటికల్లో ఆడారు, నిజమే. వలసవాళ్లు కిక్కిరిసి బతికిన ఇళ్ల ఉమ్మడి వాకిళ్లలోనూ, డాన్స్ హాళ్లలోనూ ఆడారు.

ఇక పోటీల్లో తల విసురుతూ ఆడే బాల్‌రూమ్ టాంగో వేరు. 1910ల్లో పారిస్‌లో మోజు మొదలయ్యాక, ఇంగ్లండ్ డాన్స్ టీచర్లు 1920ల్లో అడుగులకు రూల్స్ పెట్టడంతో ఆ రకం స్థిరపడింది. దాని సంగీతంలో డ్రమ్ములు గట్టిగా వినిపిస్తాయి, అర్జెంటీనా టాంగోకు ప్రాణమైన బాండోనియన్ (అకార్డియన్ లాంటి తిత్తి వాద్యం) మాత్రం చాలాసార్లు ఉండదు.