కోవెంట్రీని చర్చిల్ బలిపెట్టలేదు

"1940 నవంబర్ 14 రాత్రి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ మీద జర్మన్ బాంబులు పడతాయని బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు ముందే తెలుసు. జర్మన్ల ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాలను ఛేదించిన గుట్టు బయటపడకూడదని ఊరిని తగలబడనిచ్చాడు." 1974లో ఓ మాజీ బ్రిటిష్ గూఢచారి అధికారి జ్ఞాపకాలతో ఊపందుకున్న ఈ కథ ఇప్పటికీ షేర్ అవుతూనే ఉంది. ఆ రాత్రి 500 మందికి పైగా చనిపోయారు. అంతమంది ఉసురు ఒక మనిషి మీద వేసేముందు, జరిగింది జరిగినట్టు చూడాలి.

ముందే తెలుసా? పెద్ద దాడి రాబోతోందని, దాని పేరు 'మూన్‌లైట్ సొనాటా' అని ఎనిగ్మా సందేశాల్లో తెలిసింది నిజమే. ఏ ఊరి మీదో మాత్రం తేలలేదు. 'కోర్న్' అన్న మారుపేరు కోవెంట్రీదని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం చర్చిల్ లండన్ బయట ఉన్న డిచ్లీ పార్క్ బంగళాకు బయల్దేరి, కారులో నిఘా కాగితం చదివి, దాడి లండన్ మీదే అనుకుని వెనక్కి తిరిగాడు. సిబ్బందిని షెల్టర్‌కు పంపి, తాను మేడెక్కి విమానాల కోసం చూశాడు. కోవెంట్రీ అని తెలిసినవాడు చేసే పని కాదిది.

ఎనిగ్మా గుట్టు కోసమా? ఈ వాదనకు అసలు కాళ్లే లేవు. మిగతా బాంబర్లకు దారి చూపే జర్మన్ విమానాలు ఫ్రాన్స్ తీరం నుంచి వచ్చే రేడియో బీమ్ వెంట ఎగిరేవి. పైలట్ చెవిలో ఒక పక్క చుక్కలు, ఇంకో పక్క గీతలు, నడిమధ్య ఆగని మోత. అడ్డంగా కోసే బీమ్‌లు తగిలినప్పుడు గడియారం మీట నొక్కితే, లెక్క ప్రకారం బాంబులు వాటంతటవే జారేవి. ఈ బీమ్‌ను తగిన రిసీవర్ ఉన్న ఎవరైనా వినొచ్చు. ఆ రోజు మధ్యాహ్నం సుమారు 3 గంటలకు అవి కోవెంట్రీ మీద కలుస్తున్నాయని కనిపెట్టింది కూడా బ్రిటిష్ రేడియో నిఘావాళ్లే. దాన్ని జామ్ చేస్తే, అంటే అడ్డు మోతతో చెడగొడితే, ఎనిగ్మా సంగతి ఎలా బయటపడుతుంది? జర్మన్ బీమ్‌ల జామింగ్ అప్పటికే కొన్ని నెలలుగా సాగుతూనే ఉంది.

ఊరు ఖాళీ చేయించొచ్చు కదా అంటారు. రాత్రి 7:20 ప్రాంతంలో దాడి మొదలైంది. ఆ నాలుగు గంటల్లో రెండు లక్షల పైచిలుకు జనాన్ని ఎక్కడికి తరలిస్తారు?

ఏమీ చేయలేదన్నదీ అబద్ధమే. నైట్ ఫైటర్లు 100 సార్లకు పైగా లేచాయి, జర్మన్ ఎయిర్‌ఫీల్డ్‌ల మీద బాంబర్లు వెళ్లాయి, జామర్లు మోగాయి. జామర్లు ఎందుకు పనిచేయలేదన్నదే నన్ను బాధించే విషయం. నవంబర్ 6న దారి తప్పిన ఓ హీంకెల్ జర్మన్ బాంబర్ ఇంగ్లండ్‌లోని డోర్సెట్ తీరంలో, వెస్ట్ బే దగ్గర అలల్లో దిగింది. ఒడ్డుకు లాగుతున్న సైన్యం చేతుల్లోంచి, నీళ్లలో ఉంది కాబట్టి మాదేనని నౌకాదళం తీసుకుంది. తాడు తెగి విమానం మునిగింది. చివరికి ఇసుక పట్టిన బీమ్ రిసీవర్‌ను విప్పి చూస్తే, అందులోని ఫిల్టర్ సెకనుకు 2,000 సైకిల్స్ మోతను మాత్రమే పైలట్ చెవికి పోనిస్తుంది. కోవెంట్రీ రాత్రి బ్రిటన్ నమ్ముకున్న జామర్లు మోగింది 1,500 దగ్గర.