పొమరేనియన్ దగ్గుకు ఉల్లిరసం పోయకండి

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే సందేశం. ‘మీ చిన్న కుక్క బాతులా అరుస్తూ దగ్గుతోందా? డాక్టర్లకు వేలకు వేలు పోయకండి, మందు మీ వంటింట్లోనే ఉంది’ అని మొదలవుతుంది. ఆరు చిట్కాలు చెప్పి, ‘పదిమందికి పంపి ఒక మూగజీవిని కాపాడండి’ అని ముగుస్తుంది. దీన్ని నాకు పంపినవాళ్లంతా కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లే. అందుకే ఇంత కోపం వస్తోంది. ప్రేమగా పెంచే చేతులతోనే కుక్కకు హాని చేయించే సందేశం ఇది.

మొదటి చిట్కా: గొంతులో ఎముక ఇరుక్కుంది, వేలు పెట్టి తీయండి. నిజంగా ఏదైనా అడ్డుపడితే కుక్క ఉన్నట్టుండి గిలగిలలాడుతుంది, ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంది. ఎవరో తలుపు తట్టినప్పుడు, నీళ్లు తాగగానే, గొలుసు లాగినప్పుడు నెలల తరబడి తెరలు తెరలుగా వచ్చే దగ్గుకు ఎముక ఎలా కారణమవుతుంది? పొమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా, పగ్ వంటి చిన్న జాతుల్లో చాలా కుక్కలకు శ్వాసనాళాన్ని, అంటే గాలి గొట్టాన్ని, తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు మెత్తబడి చదునవుతాయి. వాటి పైనుండే పొర లోపలికి వేలాడి గాలిదారి ఇరుకవుతుంది. ఆ బాతు అరుపు అక్కడి నుంచే వస్తుంది. గుండె పెద్దదైన చిన్న కుక్కలూ దగ్గుతాయి. ఏది ఏమిటో తేల్చాల్సింది పశువైద్యుడు, ఎక్స్‌రే. మీ వేలు కాదు.

అసలు ఘోరం రెండో చిట్కాలో ఉంది. ఉల్లిపాయ, వెల్లుల్లి దంచి రసం తీసి, తేనె కలిపి రోజూ రెండు పూటలా వారంపాటు పట్టాలట. ఉల్లి కుక్కకు విషం. అందులోని గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీసి పగిలిపోయేలా చేస్తాయి. శరీర బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి కడుపులో పడితే చాలు, రక్తంలో చెప్పుకోదగ్గ మార్పులు వస్తాయి. అంటే మూడు కిలోల పొమరేనియన్‌కు 45 గ్రాములు, మనం కూరలో వేసే ఓ మోస్తరు ఉల్లిపాయలో దాదాపు సగమే. కొంచెం కొంచెంగా రోజూ పోసినా ఆ హాని పోగవుతుంది. వెల్లుల్లి ఇంకా గాఢమైనది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు.

పైగా రసం పోసిన రోజు ఏమీ కనిపించదు. కుక్క తోక ఊపుతూనే ఉంటుంది. ‘పనిచేసింది’ అని గ్రూపులో ఇంకో సందేశం పెడతారు. కొన్ని రోజులు గడిచాక అది ముద్ద ముట్టదు, మూలకు చేరుతుంది. పెదవి ఎత్తి చూస్తే గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటాయి, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారుతుంది. అప్పుడు దానికీ, వారం కింద పోసిన రసానికీ ముడిపెట్టే ఆలోచన ఎవరికి వస్తుంది? గొట్టం ఇరుకై గాలే చాలని కుక్కకు, ఆ వచ్చిన కాస్త గాలిని మోసే రక్తకణాలను కూడా చంపడం ఏ వైద్యం? దీనికి ‘సహజ చికిత్స’ అని పేరు పెట్టినవాళ్లు ఆ చిగుళ్ల వైపు ఒక్కసారి చూడాలి. ఇప్పటికే పోసి ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఏం పోశారో దాచకుండా చెప్పండి.

పిల్లల దగ్గుమందు పోయమన్నది మూడోది. కొన్నింట్లో పారాసిటమాల్ ఉంటుంది, చక్కెర లేనివని అమ్మే కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. రెండూ కుక్కకు ప్రమాదమే. దగ్గు అణచడం అవసరమే, ఒక దగ్గు గొట్టాన్ని చికాకు పెట్టి ఇంకో దగ్గును తెస్తుంది కనుక. కానీ ఆ మందూ మోతాదూ చెప్పాల్సింది పశువైద్యుడు.

సాంబ్రాణి, కర్పూరం పొగ పట్టమన్నది నాలుగోది. పొగే దగ్గు రేపుతుంది. దోమల చుట్ట, అగరుబత్తి కూడా ఆ గదిలో వద్దు.

ఐదోది: నీరసం వల్లే దగ్గు, నెయ్యన్నం పెట్టి బలంగా చేయండి. పూర్తిగా తలకిందుల సలహా. మెడ చుట్టూ, ఛాతీలో చేరిన కొవ్వు ఊపిరికి అడ్డం. లావైన కుక్క కాస్త తగ్గితేనే దగ్గు తగ్గడం చాలామంది కళ్లారా చూస్తారు. పక్కలు తడిమితే పక్కటెముకలు వేళ్లకు తగలాలి, తగలకపోతే బరువు ఎక్కువే. కొలిచిన తిండిని రెండు మూడు పూటలుగా పెట్టండి. గట్టి గింజల్లాంటి డాగ్‌ఫుడ్ తింటూ దగ్గుతుంటే దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. మనం తింటున్న పళ్లెంలోంచి ముద్దలు వేయడం ఇంట్లో అందరూ మానాలి, ముఖ్యంగా తాతయ్యలూ నాన్నమ్మలూ.

ఆరోది, ఆపరేషన్‌కు తొందరపడొద్దని. ఇది నిజం, ఒప్పుకుంటాను. చాలా కుక్కలు మందులతో, బరువు అదుపుతో, జాగ్రత్తలతో ఏళ్లపాటు హాయిగా బతుకుతాయి. గొట్టంలో లోహపు స్టెంట్ వేయడం ఇవేవీ పనిచేయనప్పటి మాట. రసంలో కలపమన్న తేనె కూడా, షుగర్ లేని కుక్కకు ఎప్పుడైనా చిన్న చెంచాడు నాకిస్తే హాని లేదు.

ఇంతా చెప్పిన సందేశంలో మెడపట్టీ మాటే లేదు! అన్నిటికన్నా ముందు చేయాల్సింది అది తీసేయడం. గొలుసు లాగిన ప్రతిసారీ ఆ పట్టీ మెత్తబడిన గొట్టాన్నే నొక్కుతుంది. ఛాతీకి తొడిగే హార్నెస్ కొనండి. ఎండాకాలం నడక తెల్లవారుజామునే ముగించండి. దగ్గుతెర ఆగకపోయినా, నాలుక నీలం తిరిగినా, కుక్క కూలబడినా దాన్ని ఊరడిస్తూ, చల్లగా ఉంచుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ సమయంలో నోట్లో ఏమీ పోయకండి.